సింగపూర్ మ్యూజియాల గురించి నేను తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

సింగపూర్‌లో మ్యూజియం ఎగ్జిబిషన్ల పని చేస్తానని చెబితే ఎదుటివాళ్లు ముందు ఆశ్చర్యపోతారు, తర్వాత జాలిపడతారు. "అక్కడ మాల్స్, ఎయిర్‌పోర్టు తప్ప ఏముంటుందండీ?" అంటారు. నా పని లేబుళ్లు రాయడం, వలంటీర్ గైడ్లకు శిక్షణ ఇవ్వడం. కాబట్టి ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం కూడా నా ఉద్యోగంలో భాగమే అనుకోవాలి.

అపోహ: అరవై ఏళ్ల దేశానికి నేషనల్ మ్యూజియం ఎందుకు? అందులో పెట్టడానికి ఏముంది?

వయసు లెక్క చూస్తే మ్యూజియమే దేశానికి తాతలాంటిది. 1849లో ఒక లైబ్రరీలో చిన్న సేకరణగా మొదలైంది. 1887లో స్టాంఫర్డ్ రోడ్డులో ఇప్పుడున్న తెల్ల భవనంలోకి మారింది. అప్పటి పేరు రాఫెల్స్ లైబ్రరీ అండ్ మ్యూజియం. 1960లో దానికి నేషనల్ మ్యూజియం అని పేరు పెట్టారు. సింగపూర్ స్వతంత్ర దేశమైంది 1965లో. అంటే 'నేషనల్' అన్న బోర్డు ముందు వచ్చింది, నేషన్ ఐదేళ్లు ఆలస్యంగా వచ్చింది.

కొత్త దేశానికి వస్తువుల కొరత లేదు. వచ్చిన చిక్కల్లా అవి వేరేవాళ్ల ఆసక్తి ప్రకారం పోగైనవి కావడం. బ్రిటిష్ వాళ్లు ఇక్కడి పక్షుల్ని, పాముల్ని, కీటకాల్ని, చుట్టుపక్కల జాతుల వాడుక వస్తువుల్ని సేకరించారు. దేశాన్ని కొత్తగా నిలబెడుతున్న పాలకులకు ఈ సీసాల్లో పాములు ఎందుకనిపించింది. 1970లలో మ్యూజియాన్ని చరిత్ర, కళల వైపు తిప్పి, జంతు నమూనాలను బయటికి పంపారు. 1892లో మలక్కా దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక తిమింగలం అస్థిపంజరం 1907 నుంచి మ్యూజియం కప్పు నుంచి వేలాడుతూ ఉండేది. నలభై రెండు అడుగుల పొడవు. దాన్ని 1974లో కౌలాలంపూర్‌లోని మలేసియా నేషనల్ మ్యూజియానికి ఇచ్చేశారు. ఇక్కడి పెద్దవాళ్లను చిన్నప్పుడు మ్యూజియంలో ఏం చూశారని అడగండి. ఇంకేదీ గుర్తుండదు, తిమింగలం మాత్రం గుర్తుంటుంది.

మిగిలిన నమూనాలు ఏళ్ల తరబడి చోటు నుంచి చోటుకు తిరిగి చివరికి యూనివర్సిటీ చేతిలో బతికి బయటపడ్డాయి. 2015లో వాటి కోసం లీ కాంగ్ చియాన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం తెరిచారు. అదే ఏడాది జులైలో జురోంగ్ తీరం దగ్గర చనిపోయిన ఒక స్పెర్మ్ వేల్ దొరికింది. ఆ తిమింగలం 10.6 మీటర్ల అస్థిపంజరం ఇప్పుడు అక్కడ వేలాడుతోంది. అంతకు నలభై ఏళ్ల ముందు దేశానికి పనికిరాదని పంపించేసిన కథే, ఇంకో తిమింగలం రూపంలో తిరిగొచ్చింది.

అపోహ: దేశచరిత్ర ఏ ఏడాది మొదలవుతుందో చరిత్రకారులు తేల్చేస్తారు, మ్యూజియం దాన్ని గోడమీద రాస్తుంది.

అంత తేలికైతే మాకు ఇన్ని మీటింగులు ఉండేవి కావు.

చాలాకాలం ఇక్కడి గ్యాలరీల్లో మొదటి గోడమీద ఉన్న అంకె 1819. ఇక్కడ బ్రిటిష్ స్థావరం పెట్టిన ఈస్టిండియా కంపెనీ అధికారి రాఫెల్స్ ఓడ దిగిన ఏడాది. స్వాతంత్ర్యం తెచ్చుకున్న దేశాలు చాలావరకు పాత దొరల విగ్రహాలు పీకేశాయి. సింగపూర్ పీకలేదు. 1960ల మొదట్లో సలహాదారుగా వచ్చిన డచ్ ఆర్థికవేత్త ఆల్బర్ట్ విన్సెమియస్ రాఫెల్స్ విగ్రహాన్ని ఉంచమన్నారు. పెట్టుబడిదారులకు అది భరోసా ఇస్తుందన్నది ఆయన లెక్క. సాంస్కృతిక విధానం అనగానే సంగీతం, నాట్యం గుర్తొస్తాయి కానీ, దాని మొదటి పాఠాల్లో ఒకటి ఒక ఎకనామిస్ట్ చెప్పాడన్నమాట. ఇంకో రాజకీయ లాభం కూడా ఉంది. చైనీయులు, మలయులు, భారతీయులు కలిసి బతకాల్సిన చోట ఎవరి పూర్వీకుడినైనా మూలపురుషుడిగా నిలబెడితే మిగతావాళ్లు ఊరుకోరు. రాఫెల్స్ ఎవరికీ చుట్టం కాదు.

అయితే మట్టిలో వేరే సాక్ష్యం ఉంది. 1928లో ఫోర్ట్ కానింగ్ కొండమీద తవ్వుతున్న కూలీలకు బంగారు నగలు దొరికాయి. అందులో ఒక దండకడియంమీద జావా శైలిలో కాలముఖం, అంటే కాపలాగా చెక్కే రాక్షస ముఖం, ఉంటుంది. 1984లో పురావస్తు శాస్త్రవేత్త జాన్ మిక్సిక్ అదే కొండమీద తవ్వకాలు మొదలుపెట్టారు. పద్నాలుగో శతాబ్దపు చైనా పింగాణీ ముక్కలు, గాజు బయటపడ్డాయి. రాఫెల్స్‌కు నాలుగైదు వందల ఏళ్ల ముందే ఇక్కడ వ్యాపారం నడిచిందని తేలింది. అంతకంటే ముందే చేజారిన సాక్ష్యం ఒకటుంది. నది ముఖద్వారం దగ్గర శాసనం చెక్కిన పెద్ద బండను 1843లో బ్రిటిష్ వాళ్లు పేల్చేశారు. మిగిలిన ఒక ముక్క నేషనల్ మ్యూజియంలో ఉంది. ఆ లిపిని ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు. నేను గైడ్లకు మొదటిరోజు ఆ రాయినే చూపిస్తాను. చదవలేని రాయి ముందు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడగలిగితే మిగతా గ్యాలరీ అంతా సులువే.

2019లో రెండు వందల ఏళ్ల పండుగ వచ్చేసరికి లెక్క మారింది. కథను ఏడు వందల ఏళ్లకు జరిపారు. ఆ జనవరిలో నది ఒడ్డున ఉన్న తెల్ల రాఫెల్స్ విగ్రహానికి, వెనకున్న ఎత్తైన భవనంలో కలిసిపోయి మాయమైనట్టు కనిపించేలా రంగులు వేశారు. తర్వాత ఆయన పక్కన తాత్కాలికంగా ఇంకో నాలుగు విగ్రహాలు పెట్టారు. మలయు గాథల్లోని రాజకుమారుడు సాంగ్ నీలా ఉతమ, చైనీస్ వ్యాపారి టాన్ టాక్ సెంగ్, మలయ్ రచయిత మున్షీ అబ్దుల్లా, శ్రీ మారియమ్మన్ గుడి కట్టించిన నారాయణ పిళ్లై. నాకైతే ఏ సెమినారూ చెప్పలేని విషయాన్ని ఒక డబ్బా పెయింటు చెప్పింది.

అపోహ: పేరుదేముంది, లోపల విషయం బాగుంటే చాలు.

2017 ఫిబ్రవరిలో పాత ఫోర్డ్ ఫ్యాక్టరీలో జపాన్ ఆక్రమణ గురించిన ప్రదర్శనను మార్పులు చేసి మళ్లీ తెరిచారు. 1942లో బ్రిటిష్ సేన లొంగిపోయినట్టు సంతకాలు జరిగిన భవనం అది. ప్రదర్శనకు 'స్యోనాన్ గ్యాలరీ' అని పేరు పెట్టారు. స్యోనాన్ అన్నది జపాన్ వాళ్లు సింగపూర్‌కు పెట్టిన పేరు. లోపల ఉన్నదంతా ఆ రోజుల బాధల గురించే. అయినా ఆ పేరు బోర్డుమీద కనబడేసరికి, అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు పాత గాయం రేగింది. రెండు రోజుల్లో పేరు మార్చారు, సంబంధిత మంత్రి క్షమాపణ చెప్పారు. లోపలి షోకేసుల్లో ఒక్క వస్తువూ కదల్లేదు. నేను కూడా ఒకసారి ఒక లేబుల్‌లో 'వలస వచ్చారు' అని రాశాను. తీసుకొచ్చింది ఖైదీలను. అచ్చయ్యాక, గోడకు అతికించాక, ఒక గైడ్ వచ్చి చెవిలో చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు.

అపోహ: జాతీయ సేకరణ అంటే ఆ నేలమీద దొరికినవే.

ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో జనం ఎక్కువగా ఆగేది ఇండోనేసియా జలాల్లో దొరికిన ఓడ సరుకు దగ్గర. తొమ్మిదో శతాబ్దపు అరబ్ తరహా ఓడ, పలకలను తాళ్లతో కుట్టి కట్టినది. 1998లో బెలిటుంగ్ దీవి దగ్గర బయటపడింది. లోపల చైనాలోని చాంగ్షా బట్టీల్లో కాల్చిన గిన్నెలు వేలకు వేలు. 2005లో సింగపూర్ ఆ సరుకును కొనేసింది. అరేబియాకూ చైనాకూ మధ్య దారిలో ఉన్న రేవు మాది అన్న మాటకు ఇంతకంటే గట్టి సాక్షి దొరకదు. కానీ దాన్ని పైకి తీసింది పురావస్తు శాఖ కాదు, లాభం కోసం పనిచేసే కంపెనీ. అందుకే అభ్యంతరాలు వచ్చి 2011లో వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం సంస్థ జరపాల్సిన ప్రదర్శన ఆగిపోయింది. కొనకపోతే గిన్నెలు విడివిడిగా వేలంలో చెల్లాచెదరయ్యేవని కొందరంటారు. కొంటే అలాంటి తవ్వకాలకు ఊతమిచ్చినట్టే అని ఇంకొందరంటారు. నేను మొదటి పక్షమే, కానీ పూర్తి మనసుతో కాదు.

అపోహ: షోకేసులో లేదంటే దాచేశారన్నమాట.

మొదటి బ్రిటిష్ రెసిడెంట్ విలియం ఫార్కర్ చైనీస్ చిత్రకారులతో గీయించిన మొక్కల, జంతువుల బొమ్మలు 477 ఉన్నాయి. నీటిరంగులు. యాభై లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) కంటే ఎక్కువ వెలుతురు పడితే త్వరగా వెలిసిపోతాయి. కాబట్టి కొన్ని కొన్నిగా బయటపెట్టి, కొన్నాళ్లకు చీకట్లోకి పంపుతాం. ఇందులో రహస్యమేమీ లేదు. గీసినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు, అది వేరే బాధ.

అపోహ: ప్రతి జాతికీ ఒక హెరిటేజ్ సెంటర్ కట్టేస్తే అందరికీ న్యాయం జరిగినట్టే.

ఇక్కడ ప్రభుత్వ లెక్కల్లో చైనీయులు, మలయులు, భారతీయులు, ఇతరులు అని నాలుగు గళ్లు. మలయ్ హెరిటేజ్ సెంటర్ 2005లో వచ్చింది, లిటిల్ ఇండియాలో ఇండియన్ హెరిటేజ్ సెంటర్ 2015లో. గళ్లు పెట్టడంవల్ల ఎవరినీ పూర్తిగా మరిచిపోయే వీలుండదు, అది మంచిదే. కానీ గడి లోపల ఉన్న తేడాలు కనబడవు. తమిళం అధికార భాష. బడుల్లో దాని బదులు చదువుకునే వీలున్న భారతీయ భాషలు బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు ఆ జాబితాలో లేదు.

ఒకసారి టూర్ అయ్యాక ఒక పెద్దావిడ నా దగ్గరకొచ్చి, "ఇండియన్ అంటున్నారు సరే బాబూ, ఇందులో మనవాళ్లెక్కడ?" అని తెలుగులోనే అడిగారు. మీ ఇంట్లో ఏమున్నాయమ్మా అన్నాను. మూడు వారాల తర్వాత బిస్కెట్ల డబ్బా తెచ్చారు. నిండా ఫొటోలు, వాళ్ల నాన్నగారి పాత గుర్తింపు కార్డు. పదిహేడు ఫొటోల్లో పేరూ ఊరూ తెలిసినవి నాలుగే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది లేకపోతే ఏ కమిటీ కూడా వస్తువును తీసుకోదు. అందుకే ఆవిడను కూర్చోబెట్టి గుర్తున్నంతవరకు చెప్పించాను. ఒక్కో ఫొటో వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాసుకుంటూ పోయాం. పెన్ను వద్దు, సిరా ముందు వైపుకి దిగుతుంది. పన్నెండో ఫొటో దగ్గర ఆవిడ ఆగి, "ఈమె పేరు నోట్లో ఆడుతోంది, రాత్రికి గుర్తొస్తుంది" అన్నారు. అక్కడ ఒక ప్రశ్నగుర్తు పెట్టి తర్వాతిది తీశాం.