పిన్ చెల్లదని ఫైర్‌వాల్ తీసేస్తారా?

ఇంట్లో రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్లు షేర్ చేసుకోవడానికి భద్రతంతా తీసేసిన ఇళ్లలో, ఈ నెలలో నేను చూసిన మూడోది ఇది. గాజువాకలో ఒక రిటైర్డ్ మాస్టారు. హాల్లో డెస్క్‌టాప్, గదిలో లాప్‌టాప్. నేను వెళ్లేసరికి డెస్క్‌టాప్‌లో ఫైర్‌వాల్ (వేరే కంప్యూటర్లు చొరబడకుండా ఆపే కాపలా) ఆఫ్, పాస్‌వర్డ్ అడగడం ఆఫ్, డీ డ్రైవ్ మొత్తం 'ఎవ్రీవన్'కి ఫుల్ కంట్రోల్, అంటే ఎవరైనా మార్చొచ్చు, చెరిపేయొచ్చు. "వీడియోలో అలాగే చెప్పారు బాబూ" అన్నారు, తప్పు చేసినవాడిలా.

అపోహ: ఫైర్‌వాల్, పాస్‌వర్డ్ తీసేస్తేగానీ ఫైళ్లు షేర్ కావు.

వాస్తవం: రెండూ ఉంచుకోవచ్చు. విండోస్ సెట్టింగ్స్‌లో ఇంటి నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ (కంప్యూటర్లు ఒకదానికొకటి కనిపించేలా చేసేది), ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే ఫైర్‌వాలే దారిస్తుంది. జనం ఆగిపోయేది పాస్‌వర్డ్ బాక్స్ దగ్గర. అన్నీ సరిచేశాక లాప్‌టాప్ నుంచి తెరవమన్నాను. మాస్టారు నాలుగంకెల పిన్ కొట్టారు. తప్పంది. కళ్లజోడు సర్దుకుని ఒక్కో అంకే నొక్కారు. మళ్లీ తప్పే. పిన్ ఆ మెషీన్ ముందు కూర్చున్నవాళ్లకే, నెట్‌వర్క్‌లో చెల్లదు. అక్కడ ఇవ్వాల్సింది ఫైళ్లున్న కంప్యూటర్‌లోని యూజర్ పేరు, దాని అసలు పాస్‌వర్డ్. డెస్క్‌టాప్‌లో 'ఇల్లు' అని ఒక లోకల్ అకౌంట్ (ఆ కంప్యూటర్‌కే పరిమితమైనది), దానికో పాస్‌వర్డ్ పెట్టి, ఒక్క ఫొటోల ఫోల్డర్ షేర్ చేశాను. పది నిమిషాల పని.

తలుపులన్నీ తెరిచి పెడితే లాప్‌టాప్‌కి పట్టిన రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) డెస్క్‌టాప్ ఫొటోలకీ తాళం వేస్తుంది. 'ఎస్‌ఎంబీ 1 (విండోస్‌లో ఫైళ్లు షేర్ చేసే పాత పద్ధతి) ఆన్ చేయండి' అనే సలహా మరీ ఘోరం. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది అందులోని లోపం పట్టుకునే.

నేనూ శుద్ధపూసనేం కాదు. మా ఇంట్లో అన్నిటికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చి పెట్టాను. మా అమ్మాయి తన లాప్‌టాప్‌లో జాగా చేస్తున్నాననుకుని షేర్ చేసిన ఫోల్డర్‌లోని పెళ్లి ఫొటోలు డిలీట్ చేసింది. షేర్‌లో డిలీట్ చేసినవి ఇటు రీసైకిల్ బిన్‌లోకీ రావు, అటు బిన్‌లోకీ పోవు. పాత హార్డ్‌డిస్క్‌లో వెతికితే సగమే దొరికాయి. అప్పట్నుంచి చూసేవాళ్లకి రీడ్ మాత్రమే ఇస్తున్నాను.

మిగతావి గబగబా. నెట్ ప్లాన్ పెంచక్కర్లేదు, రౌటర్ వెలుగుతుంటే నెట్ పోయినా ఫైళ్లు వెళ్తాయి, డేటా ఖర్చు కాదు. హోమ్‌గ్రూప్ (ఇంట్లో షేరింగ్ కోసం విండోస్‌లో ఉండిన పాత సదుపాయం) కోసం వెతక్కండి, విండోస్ 10లో 2018లోనే తీసేశారు. మామూలు యూఎస్‌బీ వైరుతో రెండు కంప్యూటర్లనీ కలపకండి, పోర్టులు పాడైపోవచ్చు. గిగాబిట్ (సెకనుకి 1000 మెగాబిట్లు) లాన్ పోర్టులైతే నేరుగా కలపడానికి మామూలు లాన్ కేబులే చాలు, రెండు చివర్లలో తీగలు తారుమారుగా ఉండే క్రాస్ కేబుల్ అక్కర్లేదు. స్పీడు 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతే కేబుల్ చివర చూడండి. బీచ్ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి అక్కడి లోహపు పిన్నులు చిలుమెక్కుతాయి. ఎనిమిది తీగల్లో ఒక్కటి అందకపోయినా గిగాబిట్ రాదు.