సముద్రం దాటే పిట్టకి కందనకాయ బరువే

జనవరిలో నీటిపక్షుల లెక్కింపుకి విశాఖలోని ముడసర్లోవ రిజర్వాయరుకి వెళ్లాం. మాతో వచ్చిన ఏడో తరగతి పాప అడిగింది: "అంకుల్, తిండీ నీళ్లూ లేకుండా పక్షులు సముద్రం ఎలా దాటుతాయి?" ఎదురుగా బురదలో ఒక ఉల్లంకి పిట్ట తోక ఆడిస్తూ, అడుగుకో పొడుపు పొడుస్తూ పురుగులు ఏరుకుంటోంది.

వలస పక్షులకి దారి చూపే నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం ఈ పక్షుల ఇంధనం లెక్కే అద్భుతం!

మన ఫిషింగ్ హార్బర్‌లో బోటు వేటకి బయల్దేరే ముందు డీజిల్, మంచినీళ్లు, బియ్యం, పొయ్యి అన్నీ ఎక్కిస్తారు. పిట్ట నింపుకునేది ఒక్కటే సరుకు, కొవ్వు. గ్రాము కొవ్వులో 9 కిలోకేలరీలు, పిండిపదార్థంలో 4. పైగా పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటే గ్రాముకి సుమారు 3 గ్రాముల నీళ్లు కూడా మోయాలి. కొవ్వుకి ఆ బాధ లేదు. పైగా అది ఖర్చయ్యేటప్పుడు అందులోని హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి గ్రాముకి సుమారు గ్రాము నీళ్లు పుడతాయి. బోటు డీజిల్ కాల్చుకుంటూనే మంచినీళ్లు తయారుచేసుకున్నట్టు!

గాడ్విట్ అనే వలస పక్షి ఇంకో అడుగు ముందుకేస్తుంది. ప్రయాణానికి ముందు దాని కందనకాయ, కాలేయం, పేగులు కుంచించుకుపోతాయి. దారిలో వంట లేదు కదా, పొయ్యీ గిన్నెలూ ఒడ్డునే దించేసి ఆ బరువుకి డీజిల్ ఎక్కించుకోవడమే ఇది. దిగిన చోట వాటిని మళ్లీ పెంచుకుంటుంది. 2022లో ఉపగ్రహ ట్యాగు కట్టిన ఐదు నెలల గాడ్విట్ పిల్ల అలాస్కా నుంచి టాస్మేనియాకి 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా వాలకుండా ఎగిరింది.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్లు కట్టే పెలికాన్లని కూడా "సైబీరియా పక్షులు" అనేస్తుంటారు. అవి మన దేశపు పక్షులే. సైబీరియా నుంచి చలికాలానికి వచ్చేవి ఇక్కడ గుడ్లు పెట్టవు. బడిలో ఈ తేడా చెప్పాలి. పెలికాన్లొస్తే వానలు బాగా పడతాయని ఆ ఊరి నమ్మకం. దానికి శాస్త్రం ఆధారం లేదు. కానీ పురిటికొచ్చిన ఆడపిల్లల్లా వాటిని చూసుకుంటున్నారు, నేను ఆ నమ్మకం జోలికి పోను.

కొత్త వాలంటీర్లకి మేం పక్షుల పేర్లకన్నా ముందు దూరం నేర్పుతాం. పిట్ట తినడం ఆపి తలెత్తిందంటే వెనక్కి తగ్గాలి. లేపిన ప్రతిసారీ దానికి కొంత కొవ్వు ఖర్చు, కొంత మేత నష్టం.

ఇదంతా చెబుతుండగానే ఒక కుక్క ఒడ్డు వెంట పరిగెత్తుకొచ్చింది. ఉల్లంకి కీచుమంటూ లేచి, నీళ్లకి ఆనుకున్నంత కిందుగా ఎగిరి అవతలి ఒడ్డున వాలింది.

పాప పెన్ను ఆపి అడిగింది: "ఇప్పుడు ఎంత డీజిల్ పోయింది అంకుల్?"