నిలబడితే అక్క గుండెకి ఎందుకంత తొందర?

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోనులో మీరిద్దరూ పోటీపడి అడిగారు: "పడుకుంటే బాగానే ఉంటుంది, ప్రేయర్‌లో నిలబడితేనే అక్కకి కళ్ళు తిరుగుతాయి. నాటకం కాదా తాతయ్యా?" అని. కాదర్రా. ముప్పై ఏళ్ళు కాలేజీలో జువాలజీ చెప్పినవాణ్ణి, ఆ రోజు రెండు ముక్కల్లో దాటేసినందుకు నాకే సిగ్గేసింది. అందుకే ఈ ఉత్తరం.

ఇది చదువుతూనే ఒకసారి లేచి నిలబడండి. ఏమీ కాలేదనిపించింది కదూ? కానీ నిలబడగానే ఛాతీలో ఉన్న రక్తం కొంత పొట్టలోకీ కాళ్ళలోకీ జారుతుంది. పెద్దవాళ్ళలో అయితే అర లీటరు పైనే. మెడ దగ్గరా, గుండె మీదుండే పెద్ద ధమనిలోనూ ఒత్తిడిని కనిపెట్టే నాడుల కొసలున్నాయి. అవి వెంటనే మెదడు కింది భాగానికి కబురు పెడతాయి. అక్కణ్ణుంచి ఆజ్ఞ అందుకున్న నాడులు రక్తనాళాల గోడల దగ్గర నార్‌అడ్రినలిన్ అనే రసాయనాన్ని వదుల్తాయి. గోడల్లో కండరం బిగుస్తుంది. పాలప్యాకెట్టు అడుగున పిడికిలి బిగిస్తే పాలు పైకి ఎగదన్నుతాయి చూడండి, అలా రక్తం మళ్ళీ గుండెకి చేరుతుంది. గుండె నిమిషానికి ఓ పదీ పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకుని ఊరుకుంటుంది.

అక్కకి ఆ పిడికిలి సరిగ్గా బిగుసుకోదు. వైరల్ జ్వరం తగ్గాక మొదలైంది. నేనే చెయ్యి పట్టుకుని లెక్కపెట్టాను: పడుకున్నప్పుడు నాడి 74, నిలబడిన ఏడో నిమిషానికి 122. బీపీ మాత్రం పడిపోలేదు. నిలబడిన పది నిమిషాల్లోపు నాడి 30 పైగా పెరిగి, బీపీ పడిపోకుండా, ఈ బాధ నెలల తరబడి ఉంటే డాక్టర్లు దీన్ని పాట్స్ అంటారు (ఇంగ్లీషులో POTS, నిలబడితే గుండె వేగం మితిమీరే జబ్బుకి పొట్టి పేరు. కుండలనుకునేరు!). 12 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి ఆ లెక్క 40. అమెరికాలోని మేయో క్లినిక్ రోగుల గురించి 1993లో వచ్చిన వ్యాసంతో ఆ పేరు స్థిరపడింది. ఎక్కువగా ఆడపిల్లలకే వస్తుంది.

అందరిలోనూ కారణం ఒకటే కాదు. కొందరికి కాళ్ళకెళ్ళే సన్న నాడులు దెబ్బతిని అక్కడ నార్‌అడ్రినలిన్ చాలదు. ఇంకొందరికి నిలబడగానే రక్తంలో అది మోతాదు మించిపోతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, ఊరికే భయంగా ఉంటుంది. 2000లో ఒకే పోలికున్న కవల అక్కచెల్లెళ్ళలో దీని మూలం ఒకటి దొరికింది. వదిలిన రసాయనాన్ని నాడులు మళ్ళీ లోపలికి లాక్కోవడానికి ఒక ప్రొటీన్ కావాలి, వాళ్ళిద్దరికీ దాని జన్యువులోనే లోపం. అలాంటిది చాలా అరుదు లెండి.

నాకు అన్నిటికన్నా విడ్డూరంగా తోచింది మూత్రపిండాల సంగతి. ఒంట్లో రక్తం తగ్గితే అవి రెనిన్ అనే రసాయనాన్ని వదలాలి. దాని వరసలో చివరికి మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ వస్తుంది. అది ఉప్పుని మూత్రంలో పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, ఉప్పు వెంట నీరూ నిలుస్తుంది. పాట్స్ ఉన్న చాలామందిలో రక్తం నిజంగానే తక్కువ. మరి ఈ హార్మోన్లు పెరగాలి కదా? పెరగవు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2005లో కొలిచి చూస్తే, ఉండాల్సినదానికన్నా తక్కువే ఉన్నాయి. ట్యాంకు ఖాళీ అవుతున్నా మోటారు వెయ్యకుండా నిద్రపోయే వాచ్‌మన్ లాగా! పైపులు వదులు, ట్యాంకులో నీళ్ళు తక్కువ. ఇక మిగిలింది గుండె ఒక్కటే, పాపం, పరుగులు పెట్టి మెదడుకి రక్తం అందిస్తోంది. దాన్నే అందరూ "గుండె జబ్బా?" అని అనుమానిస్తారు.

అందుకే అక్కకి డాక్టరమ్మ ముందు మందులు రాయలేదు. రోజుకి రెండు మూడు లీటర్ల నీళ్ళు, ఉప్పు ఎక్కువ, నడుం దాకా బిగుతు మేజోళ్ళు, పడుకునో కూర్చునో చేసే వ్యాయామం. తర్వాత గుండె వేగం తగ్గించే మాత్ర చిన్న మోతాదులో ఇచ్చింది. ఎండలో నిలబడటం, కడుపునిండా ఒకేసారి తినడం కూడదంది. వేడికి చర్మంలో నాళాలు విచ్చుకుంటాయి, భోజనం అయ్యాక రక్తం పేగులవైపు మళ్ళుతుంది, ఇక తలకి మిగిలేదెంత? ఉప్పు సంగతి మాత్రం అక్కకి చెప్పినదే, మీరు మొదలెట్టకండి.

పెళ్ళిలోనో, గుడి వరసలోనో అక్క కాళ్ళు మెలివేసి పిడికిళ్ళు బిగిస్తే నవ్వకండి, రక్తాన్ని పైకి తోసుకుంటోందన్నమాట. చతికిలబడితే చెయ్యి పట్టి లేపకండి. నీళ్ళ సీసా అందించి పక్కన కూర్చోండి.

ఇంట్లో ఇప్పుడు వింత చూడాలి. నాకు బీపీ అని మీ అమ్మమ్మ ఆవకాయ జాడీ దాచేసింది. అక్కకి మాత్రం రెండు పూటలా ఉప్పు మజ్జిగ, పక్కన ఆవకాయ ముక్క. జాడీ ఎక్కడుందో అక్క ఒక్కదానికే తెలుసు. దసరాకి వచ్చినప్పుడు మెల్లగా అడిగి నా చెవిలో చెప్పండి.

మీ తాతయ్య