వాగు పక్కన గ్రీన్‌వే: కొన్ని అపోహలు, వాస్తవాలు

అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో వాగుల వెంట నడక, సైకిల్ దారులు, అంటే గ్రీన్‌వేలు, డిజైన్ చేయడం నా పని. ఈ ఊళ్లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. సాయంత్రాలు లిటిల్ షుగర్ క్రీక్ గ్రీన్‌వే మీద కలిసినప్పుడు వాళ్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: గట్టి వాన పడితే చాలు, దారి మునిగిపోతోంది. సరిగ్గా కట్టలేదు.

వాస్తవం: మునగడానికి సిద్ధపడే కట్టాం. ఈ దారి ఉన్నది వరద నీరు పరుచుకునే నేల మీద. మట్టి పోసి కట్టలా ఎత్తు చేస్తే మనం తడవకుండా నడవొచ్చు గానీ, ఆ నీళ్లు అవతలి ఒడ్డు ఇళ్లలోకి పోతాయి. అందుకే వరద ఉధృతంగా పారే మేరలో ఏం కట్టాలన్నా, దానివల్ల నీటి మట్టం పెరగదని ముందు లెక్కలతో చూపించాలి.

వరద తీశాక మేం చూసేది దారి అంచు. నీళ్లు దారిని అడ్డంగా దాటి దిగువ వైపు దూకే చోట మట్టి కోసుకుపోతుంది. పైన కాంక్రీటు పలక చెక్కుచెదరనట్టే ఉంటుంది, రాడ్‌తో కొడితే డొల్ల చప్పుడొస్తుంది. అదే తారు అయితే ఆ అంచు విరిగి పడిపోతుంది. అందుకే తరచూ మునిగే చోట ఖర్చెక్కువైనా కాంక్రీటే వేయాలని పట్టుబడతాను.

ఇంకో సంగతి. నీళ్లు పోయాక దారి మీద సన్నటి ఒండ్రు పొర మిగులుతుంది. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడే, సైకిల్ టైరు ఇట్టే జారుతుంది. బారికేడ్ తీసేదాకా దయచేసి ఆగండి.

అపోహ: మొన్నే పెద్ద వరద వచ్చింది, ఇక వందేళ్లదాకా భయం లేదు.

వాస్తవం: వందేళ్ల వరద అంటే ఏటా 1 శాతం అవకాశం ఉన్న వరద. నిరుడు వచ్చినా ఈ ఏడు మళ్లీ రావొచ్చు. 30 ఏళ్ల హోమ్‌లోన్ తీరేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 26 శాతం. ఇక్కడి మెక్లెన్‌బర్గ్ కౌంటీ 1999 నుంచి ముంపు ఇళ్లను యజమానుల దగ్గర కొని, కూల్చి, ఆ స్థలాన్ని వాగుకే వదిలేస్తోంది. అలా 400కు పైగా భవనాలు తీసేశారు. మిడ్‌టౌన్ దగ్గరైతే ఒకప్పుడు వాగు మీద కాంక్రీటు కప్పు వేసి కార్లు పెట్టుకునేవారు. ఆ కప్పు తీయించడం ఈ ఊరు చేసిన మంచి పనుల్లో ఒకటని నా నమ్మకం.

అపోహ: గట్టు మీద గడ్డి కోయరు, ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: కావాలనే వదిలేస్తాం. లాన్ గడ్డి వేళ్లు లోతుకు పోవు. విల్లో, రివర్ బర్చ్ లాంటి చెట్ల వేళ్లే గట్టును పట్టి ఉంచుతాయి, వాటి నీడకు నీళ్లు వేడెక్కవు. కాపర్‌హెడ్ అనే విషపాములు ఈ ప్రాంతంలో ఉన్న మాట నిజమే. పిల్లల్ని గడ్డిలోకి దిగనివ్వకండి.

అపోహ: కార్లు రావు కదా, ఎటు నడిస్తే ఏం?

వాస్తవం: ఇలాంటి దారి వెడల్పు మామూలుగా 10 అడుగులు. నలుగురు వరసగా నడిస్తే నిండిపోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఎడమ పక్క అలవాటు, ఇక్కడ కుడి పక్క నడవాలి. వెనక నుంచి సైకిలతను ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అనగానే ‘లెఫ్ట్’ ఒక్కటే వినబడి పెద్దవాళ్లు సరిగ్గా అటే జరుగుతారు. అతను వచ్చేదీ అటునుంచే. గంట వినబడితే కుడి అంచుకు జరగాలని వాళ్లకు మొదటి రోజే చెప్పండి.

సైకిల్ తొక్కేవాళ్లకూ ఒక మాట. వంతెనల కింద మలుపుల్లో ఎదురొచ్చేవాళ్లు కనబడరు. అక్కడ స్పీడ్ తగ్గించాల్సింది మీరే.