రెండు మైకులు, ఒక హాలు: చిన్న కచేరీల రికార్డింగుపై అపోహలు - వాస్తవాలు

"ఏటి బాబూ, రెండే మైకులు తెచ్చేవు? మిగతావి ఇంటికాడ మర్చిపోనావేటి?" అని మొన్నొక మృదంగం మాస్టారు అడిగారు. ఆయన ఒక్కరే కాదు, దాదాపు ప్రతి కచేరీలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఒకసారి రాసేస్తే మంచిదనిపించింది.

విజయనగరంలో కచేరీలు రికార్డు చేయడం నా పని. ఇద్దరు, ముగ్గురు, మహా అయితే నలుగురు కూర్చుని వాయించే చిన్న కచేరీలే ఎక్కువ. వీణ, వయొలిన్, వేణువు, మృదంగం, ఘటం, ఎప్పుడైనా విశాఖ వెళ్తే పియానో. 1919లో విజయరామ గాన పాఠశాలగా మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా నడిపిన సంగీత కళాశాల ఈ ఊళ్లో ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు. కాబట్టి వినడం తెలిసిన చెవులు ఇక్కడ చాలా ఉన్నాయి. నా చెవికి రెండో బడి మాత్రం అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతం. పియానో జంటలు, ముగ్గురు నలుగురి బృందాలు ప్రేక్షకుల ముందు వాయించిన పాత రికార్డింగులు రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, ఏ మైకు ఎక్కడ పెట్టి ఉంటారా అని ఆలోచిస్తూ ఈ పని నేర్చుకున్నాను.

అపోహ: మైకులు ఎన్ని ఎక్కువైతే అంత స్పష్టంగా వస్తుంది.

ఒక వాయిద్యం శబ్దం రెండు మైకుల్లో పడితే, రెండో మైకులోకి కాస్త ఆలస్యంగా పడుతుంది. గాలిలో శబ్దం ఒక మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ రెండూ కలిపితే కొన్ని స్వరస్థాయులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వయొలిన్ డబ్బాలో పెట్టి వాయించినట్టు బోలుగా వినిపిస్తుంది. అందుకే ఈ పనిలో ఒకటికి మూడు అనే లెక్క ఒకటుంది. మైకు తన వాయిద్యానికి ఒక అడుగు దూరంలో ఉంటే, పక్క మైకు ఆ మైకుకు కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. మోకాళ్లు ఆనించుకుని కూర్చునే మన కచేరీ వేదిక మీద ఆరు మైకులతో ఈ లెక్క కుదరదు.

కాబట్టి నేను ఎక్కువసార్లు రెండే వాడతాను. ఫ్రాన్సు రేడియో వాళ్లు అలవాటు చేసిన పద్ధతి ఒకటి నాకు బాగా కుదిరింది. రెండు మైకుల మధ్య 17 సెంటీమీటర్లు, వాటి మధ్య కోణం 110 డిగ్రీలు. ఆ దూరం దాదాపు మన రెండు చెవుల మధ్య దూరమే. ఆ జంటను ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకోవడమే అసలు పని. కళాకారులు శ్రుతి చేసుకుని వాయించి చూసుకుంటున్నప్పుడు నేను ఒక చెవి వేలితో మూసుకుని వేదిక ముందు నెమ్మదిగా నడుస్తాను. రెండు చెవులతో వింటే మెదడు ప్రతిధ్వనిని పక్కకు నెట్టేస్తుంది, మైకుకు ఆ తెలివి లేదు. ఒక చెవితో వింటే మైకు వినేదానికి దగ్గరగా ఉంటుంది. ఒకచోట వీణ కరుగ్గా ఉంటుంది, అరడుగు వెనక్కి వస్తే దాని చెక్క పలుకుతుంది, ఇంకో రెండడుగులు వేస్తే హాలు మింగేస్తుంది. ఆ అరడుగు దగ్గర నేల మీద టేపు ముక్క అంటిస్తాను. కచేరీ సగం అక్కడే రికార్డయిపోయినట్టు నా లెక్క.

అపోహ: మైకు వాయిద్యానికి ఆనించి పెడితేనే అసలు నాదం.

బొబ్బిలి వీణనే చూడండి. పనస దుంగ ఒక్కదాన్నే తొలిచి చేస్తారు, అందుకే ఏకాండి వీణ అంటారు. మొత్తం చెక్క పలుకుతుంది. కుండకు అంటించే చిన్న మైకులో తీగ మీటు వస్తుంది, గోటి చప్పుడు వస్తుంది, చెక్క మాత్రం రాదు. హాల్లో జనానికి వినిపించడానికి అది పనికొస్తుంది, కాదనను. రికార్డింగుకు నేను రెండడుగుల దూరం నుంచి గుర్రం (తీగలు ఆని ఉండే చెక్క) వైపు చూసేలా మామూలు మైకు పెడతాను.

మరీ దూరం వెళ్లినా కష్టమే. దూరం రెండింతలైతే నేరుగా వచ్చే శబ్దం ఆరుబయట 6 డెసిబెల్స్ తగ్గుతుంది. హాలు లోపల ప్రతిధ్వని మాత్రం ఎక్కడ నిలబడ్డా ఇంచుమించు అంతే ఉంటుంది. గ్రానైటు నేల, టైల్స్ గోడలున్న కల్యాణ మండపంలో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. టకటకమని తిరిగి వస్తుంది. అలాంటి చోట వేదిక కింద, వెనక గోడకు నాలుగు జంపఖానాలు వేయిస్తే కొత్త మైకు కొన్నంత తేడా కనిపిస్తుంది. జనం వచ్చి కూర్చుంటే ఇంకా మారుతుంది, ఒంటి మీది బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఖాళీ హాల్లో విని తేల్చుకున్నదాన్ని జనం నిండాక మళ్లీ ఒకసారి వినాల్సిందే.

అపోహ: సౌండు వాళ్ల మిక్సర్ నుంచి వైరు లాగితే చాలు.

నిర్వాహకులు నాకు ఎక్కువగా చెప్పే మాట ఇదే. మంచి కచేరీలు ఎక్కువగా పాడయ్యేది కూడా దీనివల్లే. మిక్సర్ అంటే మైకుల శబ్దాలన్నీ కలిపి స్పీకర్లకు పంపే పెట్టె. హాల్లో ఏది తక్కువగా వినిపిస్తోందో దాన్నే అందులో పెంచుతారు. చిన్న హాల్లో మృదంగం దానంతటదే వినపడుతుంది, అందుకని సౌండు అబ్బాయి దాన్ని దాదాపు మూసే ఉంచుతాడు. వీణ వినపడదు, బాగా పెంచుతాడు. కూర్చున్నవాళ్లకు రెండూ సమంగా ఉంటాయి. ఆ వైరులోంచి వచ్చిన ఫైలులో వీణ మన ఒళ్లో ఉంటుంది, మృదంగం పక్క వీధిలో ఉంటుంది. జాజ్ క్లబ్బుల్లో డ్రమ్స్ సంగతీ అంతే. వైరు తీసుకోండి, గాత్రం ఉంటే అది బాగా ఆదుకుంటుంది. దాని పక్కన హాలును వినే మైకుల జంట కూడా ఉండి తీరాలి.

అపోహ: ఎవరు ముఖ్యంగా వాయిస్తుంటే వాళ్లను పెంచడమే రికార్డు చేసేవాడి పని.

నాకు జాజ్ పియానో జంటలు నేర్పిన పెద్ద పాఠం ఇదే, అందుకని కొంచెం వివరంగా చెబుతాను. 1978లో హెర్బీ హాన్‌కాక్, చిక్ కొరియా ఇద్దరే రెండు పియానోలతో కచేరీలు చేశారు. రికార్డులో ఒకరు ఎడమ చెవికి, మరొకరు కుడి చెవికి వినిపిస్తారు. ఒకరు కల్పన అందుకోగానే రెండోవారు ఏం చేస్తారో వినండి. చెయ్యి తేలిక చేస్తారు, మధ్య స్థాయి ఖాళీ చేసి అవతలివారికి వదిలేస్తారు, అవసరమైతే కింద మంద్రంలో రెండు స్వరాలే పట్టుకుని ఉంటారు. తగ్గడం, పెరగడం వాళ్ల వేళ్లలోనే జరిగిపోతోంది. పైనుంచి ఇంకొకరు బటన్లు తిప్పితే ఆ సంభాషణ చెడుతుంది.

చాలామంది అనుకునేట్టు జాజ్ అంటే చేతికి ఏది తోస్తే అది వాయించడం కాదు. 12 బార్లో, 32 బార్లో (బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటి లెక్క) ఉన్న ఒక చట్రం మళ్లీ మళ్లీ తిరుగుతుంది, కల్పన అంతా దాని లోపలే. మనకు స్వరకల్పన ఎంత దూరం వెళ్లినా ఎడుపు (తాళంలో పాట ఎత్తుకునే చోటు) దగ్గరకు వచ్చి తీరినట్టే. వాళ్లు నాలుగేసి బార్లు మార్చి మార్చి వాయించుకుంటుంటే నాకు తని ఆవర్తనంలో, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో, మృదంగం, ఘటం ప్రశ్న-జవాబు చెప్పుకోవడమే గుర్తొస్తుంది. ఆ చట్రం తెలిసినవాడికి కళాకారుడు తర్వాత ఎప్పుడు గట్టిగా వాయిస్తాడో ముందే తెలుస్తుంది, చెయ్యి కట్టుకుని కూర్చునే ధైర్యం కూడా వస్తుంది.

రెండు గ్రాండ్ పియానోలను వేదిక మీద ఎదురెదురుగా, ఒకదాని వంపులో ఒకటి ఇమిడేలా పెడతారు. రెండోదాని మూత జనానికి అవతలి వైపు తెరుచుకుంటుంది కాబట్టి దాన్ని తీసేస్తారు. అప్పుడు రెండింటి శబ్దం దాదాపు ఒకేచోట నుంచి వస్తుంది. వాటిని విడదీసి పట్టుకోవడం కష్టమైన పని. విశాఖలో ఒకసారి ఒక్క పియానోతోనే నాకు చెమటలు పట్టాయి. పొద్దున్న ఏసీలో శ్రుతి చేశారు, మధ్యాహ్నం ఏసీ ఆపేశారు. సముద్రపు తేమకు పియానో లోపలి పలక ఉబ్బి, సాయంత్రానికి మధ్య స్థాయి స్వరాలు పైకి జరిగాయి. అప్పటి నుంచి శ్రుతి చేసిన వేళ నుంచి కచేరీ అయ్యేదాకా ఏసీ ఒకేలా ఉండాలని ముందే అడుగుతున్నాను.

అపోహ: మీటరు ఎర్ర గీత దాకా పెంచకపోతే రికార్డింగు నీరసంగా ఉంటుంది.

క్యాసెట్టు రోజుల్లో టేపు బుసను కప్పడానికి అది అవసరమైంది. ఇప్పుడు 24 బిట్ రికార్డరులో ఎంత గట్టి శబ్దమైనా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకుంటే చాలు, తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు. పగిలిన శబ్దాన్ని మళ్లీ అతకలేం. వాయించి చూసుకునేటప్పటికంటే కచేరీలో అందరూ గట్టిగా వాయిస్తారు, ఆ జాగా ముందే వదలాలి. ఇంకొకటి, రికార్డరులోనూ ఫోనులోనూ శబ్దం దానంతటదే సర్దుకునే ఏర్పాటు ఉంటుంది, దాన్ని కట్టేయండి. మొదట్లో ఒక కచేరీకి నేను కట్టేయడం మర్చిపోయాను. చప్పట్లు పడగానే మొత్తం కిందకు దిగింది, ఆ వెంటనే మొదలైన ఆలాపన బావిలోంచి పైకి లేచినట్టు వచ్చింది. ఆ వీణ విదుషీమణికి ఫైలు ఇస్తూ క్షమాపణ చెప్పుకున్నాను.

అపోహ: దగ్గు, గ్లాసు చప్పుడు వినిపిస్తే రికార్డింగు పాడైనట్టే.

1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్కులో విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ జాజ్ క్లబ్బు. బిల్ ఎవాన్స్ పియానో, స్కాట్ లఫారో బాస్ (మంద్రం పలికే పెద్ద తీగ వాయిద్యం), పాల్ మోషియన్ డ్రమ్స్. ఆ రోజు ఐదు విడతలు వాయించారు. రికార్డింగులో గ్లాసులు మోగుతుంటాయి, బల్లల దగ్గర మాటలు వినిపిస్తుంటాయి. మొదటి పాటలో కరెంటు పోయింది. 2005లో వచ్చిన పూర్తి సంపుటిలో ఆ ముక్కను తెగిన చోటుతో సహా పెట్టారు. ఆ కచేరీ అయిన 11 రోజులకే లఫారో కారు ప్రమాదంలో చనిపోయారు, అప్పటికి ఆయన వయసు 25. ఆ గ్లాసుల చప్పుడు తీసేస్తానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అదే ఫ్యాను చప్పుడైతే ఊరుకోను. దగ్గు వచ్చి పోతుంది, ఫ్యాను రెండు గంటలూ వీణ మీదే ఉంటుంది. వేదిక మీద ఫ్యాన్లు ఆపి, జనం మీదవి ఉంచమంటాను. మే నెలలో వేదిక మీద చెమటలు కారుతుంటే ఈ మాట అడగడానికి నాకు మనసొప్పదు. అందుకే ఎండాకాలం కచేరీ ఉదయం ఆరింటికి పెట్టండని బతిమాలుతుంటాను. జెనరేటరు ఉంటే దాన్ని హాలు వెనక దూరంగా పెట్టించండి, నా రికార్డరు మాత్రం బ్యాటరీ మీదే నడుస్తుంది.

అపోహ: ప్రత్యక్ష కచేరీ రికార్డంటే ఒక్క అక్షరం మార్చకుండా ఇచ్చేదే.

టొరంటోలో 1953 మే 15న మాసీ హాల్లో జాజ్ కళాకారులు చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, బడ్ పావెల్, మాక్స్ రోచ్, చార్లెస్ మింగస్ కలిసి వాయించారు. బాస్ సరిగా పడలేదని మింగస్ తర్వాత తన భాగాన్ని చాలాచోట్ల మళ్లీ వాయించి కలిపి ఆల్బమ్ వేశారు. అంటే ఈ అలవాటు పాతదే. నేను తంబురా సర్దుకునే విరామాలు కుదిస్తాను, మైకు స్టాండు తన్నిన చప్పుడు తీస్తాను. జారిన స్వరాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేయమంటే మాత్రం చేయను.

అపోహ: వాట్సాప్‌లో పంపేస్తే భద్రంగా ఉన్నట్టే.

అక్కడికి ఎక్కువగా వెళ్లేది కుదించిన ఫైలే. అసలుది 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో అయితే గంటకు ఒక జీబీ. రెండు గంటల కచేరీని రెండు చోట్ల దాచడం ఇప్పుడు పెద్ద ఖర్చేమీ కాదు. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఫైలు పేరులో తేదీ, ఊరు, వాయించినవాళ్ల పేర్లు, శ్రుతి రాయండి. పక్కనే చిన్న కాగితంలో కీర్తనల వరుస కూడా. మా దగ్గరకు పెద్దలు తెచ్చే పాత క్యాసెట్ల మీద చాలావాటికి "కచేరీ" అని ఒక్క మాటే ఉంటోంది. లోపల అద్భుతమైన వయొలిన్. ఎవరు వాయించారో చెప్పగలిగేవాళ్లు ఇంట్లో ఎవరూ మిగల్లేదు.