వెనామీ రొయ్య: తల్లి అక్కడిదే, మార్కెట్టూ అక్కడే

2025 ఆగస్టులో మన రొయ్యపై అమెరికా సుంకం ముందు 25, నెలాఖరుకు 50 శాతానికి చేరేసరికి గోదావరి జిల్లాల చెరువు గట్ల మీద కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు జారిపోయాయి. మనతో పోటీపడే ఈక్వెడార్ రొయ్యపై పడింది 15 శాతమే. మన దెబ్బ ఇంత లోతుగా ఎందుకు తగిలిందో తెలియాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో సాగంతా టైగర్ రొయ్యదే. తల్లి రొయ్యను సముద్రంలో పట్టి, పిల్లల్ని పుట్టించే హేచరీకి తెచ్చేవారు. తల్లిలో వైరస్ ఉంటే పిల్లతో పాటే చెరువులోకి దిగేది. 1994-95లో తెల్లమచ్చ తెగులు తూర్పు తీరాన్ని ఊడ్చేసింది. 2009లో కేంద్రం వెనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతిచ్చింది. వ్యాధిరహిత తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికాలోని హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో వస్తాయి. చెన్నై నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో పరీక్ష దాటాకే హేచరీకి చేరతాయి. చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వేయకూడదన్న నిబంధనా అప్పుడే వచ్చింది.

2012 తర్వాత థాయ్‌లాండ్ చెరువుల్లో ఈఎంఎస్ అనే, పిల్ల వేసిన కొద్ది వారాల్లోనే చంపే వ్యాధితో రొయ్యలు చనిపోవడంతో అమెరికా కొనుగోలుదారులు మనవైపు మళ్లారు. మన ప్లాంట్లు వాళ్లకు కావలసినట్టే, తల, పొట్టు, నరం తీసి విడివిడిగా గడ్డకట్టించే లైన్లు పెట్టుకున్నాయి. 2024-25లో ఎగుమతైన 7.41 లక్షల టన్నుల శీతల రొయ్యల్లో 3.11 లక్షల టన్నులు అమెరికా ఒక్కదానికే వెళ్లాయి.

మార్కెట్ మార్చడం చెప్పినంత తేలిక కాదు. చైనా ఎక్కువగా తలతో ఉన్న రొయ్య అడుగుతుంది. ఆ పనిలో ఈక్వెడార్ మనకంటే ముందుంది. యూరప్‌కు పంపాలంటే పట్టుబడికి ముందే యాంటీబయోటిక్ పరీక్ష కావాలి. నైట్రోఫ్యురాన్, క్లోరామ్‌ఫెనికాల్ జాడ కనిపిస్తే సరుకు వెనక్కే. 2016లో యూరప్ మన కంటైనర్ల తనిఖీని 10 నుంచి 50 శాతానికి పెంచింది.

ఈ గొలుసులో ఆగలేనిది చెరువొక్కటే. గడ్డకట్టిన రొయ్య మైనస్ 18 డిగ్రీల్లో నెలల తరబడి ఉంటుంది. చెరువులో 50 కౌంట్‌కు వచ్చిన రొయ్య, అంటే ఒక్కోటి 20 గ్రాములది, టన్ను ఉంటే రోజుకు 25-30 కిలోల మేత కావాలి. నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగకూడదు, తెగులు ఏ రాత్రి దిగుతుందో తెలియదు. ధర పడిందని రైతు ఆగితే రోజూ ఖర్చే. భయపడి అందరూ ఒకేసారి వల వేస్తే ఐస్, కూలీలు చాలరు, ప్లాంట్లు నిండిపోతాయి, ధర ఇంకా పడుతుంది. రొయ్య పొట్టు విడిచే రోజుల్లో పట్టుబడి చేస్తే, మెత్త రొయ్య అని ధరలో మరికొంత కోస్తారు.

అందుకే సరిదిద్దడం పిల్ల వేసే రోజు నుంచే మొదలవ్వాలి. ఒకే కాలువ కింది చెరువుల్లో పదిహేను రోజుల తేడాతో వంతులవారీగా పిల్ల వేస్తే పట్టుబడులు ఒక్కచోట గుమిగూడవు. ప్లాంటు ఏ వారం ఏ కౌంట్ ఎన్ని టన్నులు తీసుకుంటుందో ముందే ఒప్పుకోవాలి, అదీ కాగితం మీద.