ఆధార్ ఫొటోతో నాన్న బొమ్మ: అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో ఇరవై ఏళ్లుగా తైలవర్ణాల్లో మనుషుల బొమ్మలు వేస్తున్నాను. సంవత్సరీకానికి పటం కావాలని వచ్చేవారే ఎక్కువ. వారి నోట పదే పదే వినే మాటలివి.

అపోహ: ఫొటో ఇస్తే చాలు, ఉన్నదున్నట్టు దించేయడమే.

వాస్తవం: చాలామంది తెచ్చేది ఆధార్ కార్డు మీది ఫొటో. అందులో వెలుగు ఎదురుగా పడి ముక్కూ చెంపలూ చదునైపోతాయి. అందుకే పోయినవారి పిల్లలను కూర్చోబెట్టి అడుగుతాను: నవ్వితే కళ్లు ఎలా ఉండేవి? మాట్లాడేటప్పుడు తల ఎటు వంచేవారు? దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం బొమ్మ చూసి "మా నాయిన కాదు" అన్నది. పోలికలన్నీ కుదిరాయి. మరి తేడా ఎక్కడ? రోజంతా రుమాలు చుట్టుకుని పొలంలో ఉండే మనిషి. చెంపలు ఎండకు కమిలినా రుమాలు కింది నుదురు లేతగానే ఉండేదని పెద్ద కూతురు చెప్పింది. నుదుటి రంగు లేత చేశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

అపోహ: చామనఛాయకు నలుపు కలపాలి.

వాస్తవం: నలుపు కలిపితే చర్మం బూడిదబారుతుంది. బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), తెలుపుతో మొదలుపెట్టి నీడల్లో అల్ట్రామెరైన్ నీలం కలుపుతాను. "అమ్మను కాస్త తెల్లగా వేయండి" అంటే మాత్రం ఒప్పుకోను. మీకు అన్నం కలిపి పెట్టిన చేయి ఆ రంగుదే.

అపోహ: రవివర్మ దేవుళ్ల బొమ్మల చిత్రకారుడు.

వాస్తవం: 1848లో కేరళలోని కిళిమానూరులో పుట్టిన ఆయనకు తొలి పేరు మనుషుల బొమ్మలతోనే వచ్చింది. 1873లో మద్రాసు ప్రదర్శనలో బహుమతి పొందింది కొప్పులో పూలు తురుముకుంటున్న నాయర్ స్త్రీ చిత్రం. తిరువనంతపురం దర్బారులో థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు బొమ్మలు వేస్తుంటే చూసి తైలవర్ణాల మెలకువలు పట్టుకున్నారు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది అలా చూసి పట్టుకునే ఆ చూపే.

అపోహ: మా తాతలనాటి లక్ష్మి పటం రవివర్మ స్వయంగా వేసింది.

వాస్తవం: దాదాపు అన్నీ అచ్చులే. 1894లో ఆయన బొంబాయిలో ప్రెస్ పెట్టారు. భూతద్దంలో సన్నని చుక్కలు కనిపిస్తే అది అచ్చు. అయినా పారేయకండి, చెమ్మ గోడకు దూరంగా ఉంచండి.

అపోహ: మన ఎండకు వారంలో ఆరిపోతుంది.

వాస్తవం: నూనె నీరులా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పైపొర ఆరినా లోపల పచ్చిగానే ఉంటుంది. వార్నిష్ పూయడానికి ఆరు నెలలు ఆగుతాను. సంవత్సరీకానికి పటం కావాలంటే మూడో మాసికం నాటికే రండి. ఫొటోతోపాటు పోయినవారిని చిన్ననాటి నుంచి ఎరిగిన ఒకరిని వెంట తీసుకురండి.